ఏమీ జరగని మనిషి

మా కేంద్రం ఒక టైర్ల దుకాణం పై అంతస్తులో ఉంది. కిటికీలు తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్కపోత. అందుకని రోజులో సగంసేపు తెరుస్తాం, సగంసేపు మూస్తాం. సైన్యంలో పనిచేసి వచ్చాక తాగుడుకో మాత్రలకో అలవాటుపడి, దాంట్లోంచి బయటపడాలనుకునేవాళ్ళు అక్కడికి వస్తారు. నేను అక్కడ థెరపిస్టుని. పదకొండేళ్ళ కిందట లైసెన్సు చేతికొచ్చినప్పుడు మా అత్తయ్య దాన్ని ఫ్రేము కట్టించి తెచ్చింది. "గోడకి తగిలించుకో. లేకపోతే కూర్చుని కబుర్లు చెబుతున్నావనుకుంటారు," అంది. ఆమె అన్నదాంట్లో నిజముంది. డాక్టరు మందులిస్తాడు, నర్సు బీపీ చూస్తుంది. నేను చేసేది కబుర్లే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఎదుటివాళ్ళు నోరు విప్పేదాకా ఓపిగ్గా కూర్చోవడం.

సోమవారం, గురువారం పొద్దున పదింటికి అందరం గుండ్రంగా కుర్చీలు వేసుకుంటాం. ఆ గుంపులో అందరికంటే పాతవాడు గద్ద. విమానంలోంచి దూకే దళంలో పనిచేశాడు కాబట్టి ఆ పేరు. ఎడమకాలు మోకాలి కింద లేదు. అదెలా పోయిందని అడిగితే రోజుకో కథ చెబుతాడు. ఒకరోజు మందుపాతర, ఇంకోరోజు మొసలి. నన్ను డాక్టరమ్మా అంటాడు.

"నేను డాక్టర్ని కాదండీ," అని ఎన్నిసార్లు చెప్పానో.

"సరే డాక్టరమ్మా," అంటాడు.

అలాంటి ఒక సోమవారం నాడు కొత్తాయన వచ్చాడు. యాభై నాలుగేళ్ళుంటాయి. ఆసుపత్రిలో పది రోజులుండి, ఒంట్లోంచి మందు దిగాక, డాక్టరు చీటీతో నేరుగా మా దగ్గరికి వచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు. వెంట వచ్చిన భార్య తలుపు దగ్గరే ఆగి, "మీ చేతుల్లో పెడుతున్నానమ్మా," అని, తన లాండ్రీ తెరవాలని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆయన కూర్చుని, టేబులు మీదున్న కాగితపు రుమాలు తీసుకుని మడవడం మొదలుపెట్టాడు. సగానికి, మళ్ళీ సగానికి, మూలకి మూల. చేతులు ఇంకా కొద్దిగా వణుకుతున్నాయి. అయినా మడత గీత గీసినట్టు పడింది.

"సైన్యంలో ఏం చేసేవారు?" అన్నాడు గద్ద.

"పారాచూట్లు మడిచేవాణ్ణి."

"ఎన్నాళ్ళు?"

"ఇరవై ఆరేళ్ళు."

అంతే. మూడు వారాలపాటు అంతకుమించి ఒక్క మాట రాలలేదు. ఎలా ఉన్నారంటే బాగానే ఉన్నానంటాడు. అందరూ లేచాక కుర్చీలన్నీ గోడకి సర్ది, రుమాళ్ళ దొంతర చేసి వెళ్ళిపోతాడు. గుంపులో వాళ్ళు ఆయనకి మడతల మాస్టారు అని పేరు పెట్టేశారు.

మా దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళకీ ఒక చిన్న నోటుపుస్తకం ఇస్తాం. తాగాలన్న కోరిక ఆ రోజు ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయాలి. చాలామంది పుస్తకాల మీద టీ మరకలుంటాయి, మధ్యలో పేజీలుండవు. గద్ద పుస్తకంలో ఒకరోజు "పన్నెండు" అని ఉంది. మాస్టారి పుస్తకంలో స్కేలుతో గీసిన గళ్ళు, గళ్ళలో అచ్చేసినట్టు అంకెలు. అన్నీ సున్నాలే. ఇరవై ఒక్క రోజులు, ఇరవై ఒక్క సున్నాలు. ఇరవై ఏళ్ళు తాగినవాడికి మూడో వారంలో సున్నా రాదు. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

ఇక్కడే నేను తప్పు చేశాను.

పారాచూట్లు మడిచేవాడు, నోరు విప్పనివాడు, తాగినవాడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని నా మనసులో నేనే ఒక కథ అల్లేసుకున్నాను. ఏదో ఒకరోజు ఒకటి తెరుచుకుని ఉండదు, ఎవరో పోయి ఉంటారు, అది ఈయన మడిచిందే అయ్యుంటుంది, అదే గుండెలో పెట్టుకుని కుమిలిపోతున్నాడు అనుకున్నాను. ఎంత గట్టిగా అనుకున్నానంటే, ఒక బుధవారం ఆయన ఒక్కడే నా గదిలో ఉన్నప్పుడు, నాకే చాలా మెత్తగా అనిపించిన గొంతుతో అడిగేశాను.

"ఒకటి తెరుచుకోలేదు కదండీ?"

ఆయన నా వంక అయోమయంగా చూశాడు. "లేదు మేడమ్. అన్నీ తెరుచుకున్నాయి."

"తొందరేం లేదు. చెప్పాలనిపించినప్పుడే చెప్పండి. నేను ఆగుతాను."

"అన్నీ తెరుచుకున్నాయి మేడమ్," అన్నాడు మళ్ళీ. ఈసారి తల దించుకుని, చెయ్యని నేరం ఒప్పుకుంటున్నట్టు అన్నాడు. లేచి, కుర్చీ టేబులు కిందికి నెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళాడు. గురువారం రాలేదు. సోమవారమూ రాలేదు.

లైసెన్సున్నా మాకూ ఒక పెద్ద దిక్కు ఉండాలి. నెలకోసారి నేను చేసిన పని మా గురువుగారి ముందు పెట్టాలి. డెబ్భై ఏళ్ళావిడ, మాటలు తక్కువ. జరిగింది చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ విని, "నీకు కథ కావలసొచ్చింది. ఎదురుగా ఉన్న మనిషిని పక్కన పెట్టేశావు," అంది. "వెళ్ళి క్షమాపణ చెప్పు. ఏం చెప్పాలో ముందే తయారు చేసుకుని మాత్రం వెళ్ళకు," అంది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య బీరువా సర్దుతోంది. మా మామయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఆయనా సైన్యంలోనే చేశారు, స్టోర్సులో. నా మొహం చూసి అత్తయ్య, "ఏంటి, ఎవరైనా మానేశారా?" అంది.

"ఆఫీసు సంగతులు చెప్పకూడదు అత్తయ్యా."

"ఎవరని అడిగానా ఏమన్నానా. మొహం అలా ఉంటే అడిగాను." బీరువాలోంచి నల్లబూట్ల జత తీసి, పాత గుడ్డతో తుడుస్తూ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "మీ మామయ్య ముప్పై ఏళ్ళు బూట్లు పంచారు. ఎవరి పాదం ఎంతో చూడగానే చెప్పేవారు. కానీ ఏ పెళ్ళికైనా వెళ్తే, ఎవరో ఒకరు యుద్ధం చూశారా అని అడిగేవారు. అంతే, సగం భోజనంలో లేచొచ్చేసేవారు. నాకు భలే కోపం వచ్చేది. ఒకసారి గట్టిగా అడిగితే, 'అవతలవాడు పేలుళ్ళ గురించి వినాలని కూర్చుంటాడు, నేను బూట్ల సైజులు చెప్పాలి,' అన్నారు."

నేను చేతిలో సంచి అలాగే పట్టుకుని నిలబడిపోయాను. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, "నిలబడతావేం, కాళ్ళు కడుక్కో," అంది.

మర్నాడు ఆయన భార్యకి ఫోను చేసి, ఇంటికి రావచ్చా అని అడిగాను. "రండమ్మా, మొన్న శుక్రవారం, శనివారం తాగారు. ఆదివారం నుంచి లేదు. మేడ మీద ఉంటున్నారు, దుప్పట్లు మడిచి మళ్ళీ విప్పుతున్నారు," అంది. గొంతులో ఏడుపు లేదు, విసుగుంది.

వాళ్ళ ఇల్లు లాండ్రీ వెనకాలే. కింద ఇస్త్రీ బల్లలు, ఆవిరి, గోడకి వేలాడుతున్న చొక్కాలు. మెట్లెక్కి వెళ్తే మేడ మీద నీడలో ఆయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. గడ్డం గీసుకోలేదు. నలిగిన చొక్కాలో ఆయన్ని చూడ్డం నాకు అదే మొదటిసారి.

"నేను మీకు క్షమాపణ చెప్పాలని వచ్చానండీ," అన్నాను. "మీరు అన్నీ తెరుచుకున్నాయన్నారు. నేను నమ్మలేదు. మీ మాట వినకుండా, నేను అనుకున్నది మీ చేత అనిపించాలని చూశాను. అది తప్పు."

ఆయన చాలాసేపు దుప్పటి అంచు సరిచేశాడు. తర్వాత, "ఇరవై ఆరేళ్ళలో నాకు ఏ ఆఫీసరూ సారీ చెప్పలేదు," అన్నాడు. "వాళ్ళకి ఆ అవసరం రాలేదనుకోండి." కొద్దిగా నవ్వాడు. "కూర్చోండి."

కూర్చున్నాను. కింద ఆవిరి ఇస్త్రీపెట్టె బుసకొట్టడం వినిపిస్తోంది.

"అరవై వేలకు పైన మడిచాను మేడమ్. లెక్క రాసుకునేవాణ్ణి. ప్రతి దానికీ ఒక చీటీ ఉంటుంది, దాని మీద మన సంతకం. ఒక్కటి కూడా ఫెయిలవలేదు. నాకేం జరగలేదు. అదే నా సిగ్గు."

"సిగ్గెందుకు?"

"మీ గదిలో చూడండి. ఒకాయనకి కాలు లేదు. ఇంకొకాయన భుజంలో ఇనుపముక్క ఉంది. వంతెనలు కట్టినాయన స్నేహితుణ్ణి నీళ్ళలో పోగొట్టుకున్నాడు. తాగారంటే అర్థముంది. నేను షెడ్డులో పొడుగాటి బల్ల ముందు నిలబడి గుడ్డ మడిచాను. మధ్యాహ్నం భోజనం టైముకి భోజనం. నేనెందుకు తాగానో ఎవరికైనా ఏం చెప్పను? మీరు ఆ రోజు అడిగినప్పుడు, ఒక్కటైనా తెరుచుకోకుండా ఉండాల్సిందేమో, అప్పుడు ఈ కుర్చీలో కూర్చునే హక్కు ఉండేదేమో అనిపించింది. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. రెండు రోజులు ఆపుకున్నాను. శుక్రవారం తాగాను."

నా తప్పు ఎంత లోతుకి దిగిందో అప్పుడు తెలిసింది. సర్దిచెప్పబోయి ఆగాను.

ఆయనే చెప్పుకుంటూ వెళ్ళాడు. పనిలో ఉన్నన్నాళ్ళూ భయం ఒక పద్ధతిలో ఉండేదట. పొద్దున మడిచినవి సాయంత్రానికి తిరిగొచ్చేవి, అందరూ దిగారని కబురు వచ్చేది, ఆ రోజుకి గుండె బరువు దిగేది. ఆ కబురు వచ్చేలోపు ఒక గుక్క తాగడం అలవాటైంది. రిటైరయ్యాక కబురు రావడం ఆగిపోయింది. చివరి వారం మడిచినవి ఎప్పుడు వాడారో, ఏమయ్యాయో ఆయనకి తెలీదు. ఇంకా ఆకాశంలోనే ఉన్నట్టుంటాయట.

"నా చేతిలోంచి వెళ్ళినవి ఇంకా దిగలేదు మేడమ్," అన్నాడు. "విమానం చప్పుడు వింటే నేలకేసి చూస్తాను."

లేచేముందు నేను నోటుపుస్తకం సంగతి ఎత్తాను. "సైన్యంలో మీ చీటీల్లో తప్పు కనిపిస్తే విచారణ ఉండేది కదా. ఇందులో అలా కాదండీ. మీరు ఎనిమిది వేస్తే మీకు శిక్ష పడదు, నాకు పని దొరుకుతుంది. సున్నాలు పెడితే నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి."

ఆయన జేబులోంచి పుస్తకం తీసి, నా ముందే శుక్రవారం గడిలో తొమ్మిది, శనివారం గడిలో తొమ్మిది వేశాడు. ఆలోచించి, పాత సున్నాల్లో కొన్నిటిని కొట్టేయబోయాడు. అవి వదిలేయమన్నాను.

గురువారం వచ్చాడు. అందరూ కూర్చున్నాక, ఎవరూ అడగకముందే, మేడ మీద నాకు చెప్పిందంతా చెప్పాడు. రుమాలు మడుస్తూనే చెప్పాడు గానీ చెప్పాడు. కింద ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు.

గద్ద తన కర్ర నేలకి ఆనించి ముందుకి వంగాడు. "తమ్ముడూ, నేను నూట నలభై సార్లు దూకాను. తలుపు దగ్గర నిలబడ్డ ప్రతిసారీ మడిచినవాణ్ణి బండబూతులు తిట్టుకునే దూకేవాణ్ణి."

మాస్టారి వేళ్ళు రుమాలు మీద ఆగిపోయాయి. "ఎందుకన్నా?"

"భయం వేస్తే ఎవరినో ఒకర్ని తిట్టాలి కదా. పైలట్‌ని తిడితే వినిపిస్తుంది." వంతెనలాయన ఫక్కున నవ్వాడు. గద్ద నవ్వలేదు. "తెరుచుకున్నాక మాత్రం వాడి సంగతే మర్చిపోయేవాణ్ణి. నూట నలభై సార్లు. వాడి మొహం ఎలా ఉంటుందో చూద్దామని ఒక్కసారీ ఆ షెడ్డుకి వెళ్ళలేదు. ఇప్పుడు చూస్తున్నాను. నాది నువ్వు మడిచావో ఇంకొకడు మడిచాడో నాకు తెలీదు. ఎవరైతేనేం, తెరుచుకున్నాయి." కృత్రిమ కాలి మీద చేత్తో తట్టాడు. "ఇంకోటి కూడా విను. ఈ కాలు యుద్ధంలో పోలేదు. రిటైరయ్యాక తప్పతాగి మోటారు సైకిలు నడిపాను. గోడ అడ్డమొచ్చింది. కాబట్టి నా కాలు చూసి నువ్వు చిన్నబుచ్చుకోకు."

ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. గుంపులో ఎవరికీ తెలీదు. మొసలి కథ నమ్మిన ఒకాయన, "మరి మొసలి?" అన్నాడు.

"మొసలి కూడా తాగే ఉంది," అన్నాడు గద్ద.

ఆ రోజు గది ఖాళీ అయ్యేసరికి పన్నెండున్నర దాటింది.

ఆ తర్వాత రెండు నెలలు నేనూ మాస్టారూ మెల్లగా పనిచేశాం. ముందు పారాచూట్ల ఫోటోలు చూడటం. తర్వాత శబ్దం లేని వీడియో. మనిషి విమానంలోంచి బయటికి రాగానే ఆపెయ్యమనేవాడు. ఆపేవాళ్ళం. ఆగిన బొమ్మ ముందు కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకునేవాళ్ళం. నాలుగో వారంలో మొదటిసారి తెరుచుకునేదాకా చూశాడు. నోటుపుస్తకంలో అంకెలు ఏడు నుంచి మూడుకి, మళ్ళీ ఆరుకి, మళ్ళీ మూడుకి ఊగుతున్నాయి. అవి నిజమైన అంకెలు. వాటిని చూస్తే నాకు కడుపు నిండినట్టుండేది.

ఊరి బయట సరదాకి దూకడం నేర్పే క్లబ్బొకటుంది. అక్కడి శిక్షకుడు గద్దకి పాత నేస్తం. ఒక ఆదివారం పొద్దున మా కేంద్రం వ్యానులో ఆరుగురం వెళ్ళాం. మాస్టారి భార్య లాండ్రీకి తాళం వేసి, ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చింది. పచ్చిక మైదానం, ఒక రేకుల షెడ్డు, చిన్న విమానం. దూకేవాళ్ళు ఎనిమిది మంది ఎక్కారు.

విమానం పైకి వెళ్తుంటే మాస్టారు అలవాటుగా నేలకేసి చూడబోయాడు. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుని, "పైకి చూడండి. మెడ పట్టేస్తే నేను నూనె రాస్తాను," అంది.

మొదటి చుక్క బయటపడింది. ఆయన లెక్కపెడుతున్నాడు, పెదాలు కదులుతున్నాయి. తెరుచుకుంది. రెండోది. మూడోది పడుతోంది, పడుతోంది. ఆయన వేళ్ళు ఆమె చేతిని ఎంత గట్టిగా నొక్కాయో, ఆమె గాజులు కదలడం నాకు వినిపించింది. తెరుచుకుంది. ఎనిమిదీ తెరుచుకున్నాయి. రంగురంగుల గుడ్డలు గాలిలో నింపాదిగా తిరుగుతూ, ఒక్కొక్కటే పచ్చిక మీదికి దిగాయి. దిగినవాళ్ళు లేచి, మట్టి దులుపుకుని, నవ్వుకుంటూ నడిచొచ్చారు.

మాస్టారు గడ్డి మీద చతికిలబడి చాలాసేపు మొహం తుడుచుకున్నాడు. ఆమె మూతలో టీ పోసి చేతికిచ్చింది. సగం తాగి, "ఆ మూడోది ఆలస్యంగా తెరుచుకుంది. ఎడమ పక్క మడత సరిగ్గా పడలేదు," అన్నాడు.

"మొదలెట్టారా," అంది ఆమె.

షెడ్డులో ఒక అమ్మాయి నేల మీద పరిచిన గుడ్డల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని మడుస్తోంది. మాస్టారు వెళ్ళి పక్కన గొంతుకూర్చుని చూశాడు. ఆ అమ్మాయి, "మీకిది తెలుసా సార్?" అంది. కొద్దిగా తెలుసన్నాడు. తాళ్ళు సర్దే పద్ధతి గురించి ఏదో అడిగింది, చెప్పాడు. చెయ్యి మాత్రం వేయలేదు. లేచేటప్పుడు, "మోకాళ్ళ కింద మందంగా దుప్పటి వేసుకో తల్లీ. ఇప్పుడు తెలీదు, నలభై దాటాక తెలుస్తుంది," అన్నాడు.

ఆ రోజు వాళ్ళు ఇంకో రెండుసార్లు ఎగిరారు. ఆయన రెండుసార్లూ చూశాడు. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో గద్ద భుజం మీద తలవాల్చి నిద్రపోయాడు. ఇల్లు చేరేదాకా గద్ద కదలకుండా కూర్చుని, "నా పెట్టుడు కాలికంటే ఈ తలకాయే బరువు," అని గొణిగాడు.

వానాకాలంలో మాస్టారు ఒకసారి జారాడు. పొద్దున ఏడింటికి తనే ఫోను చేసి, నిన్న రెండు గ్లాసులు తాగానని, పుస్తకంలో రాశానని చెప్పాడు. పదింటికల్లా వచ్చి కూర్చున్నాడు. ఏ సాయంత్రం, ఏ వీధిలో, ఎవరు పిలిచారో అంతా వరసగా చెప్పాడు. అది జరిగి పద్నాలుగు నెలలైంది. మళ్ళీ తాగలేదు. రేపటి మాట నేను చెప్పను. మా పనిలో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మధ్యాహ్నాలు లాండ్రీలో భార్యకి సాయం చేస్తున్నాడు. నేనూ బట్టలు అక్కడే ఇస్తాను. వెళ్ళినప్పుడల్లా ఆమె ఫిర్యాదే. మొన్నా అంతే. "నేను ఐదు చొక్కాలు మడిచేలోగా ఈయన ఒకటి మడుస్తారమ్మా. పైగా ఆ ఒక్కటీ రెండుసార్లు తనిఖీ. ఇప్పుడు వచ్చేవాళ్ళందరికీ ఆయన మడిచిందే కావాలట, నాది పనికిరాదట."

లోపల్నుంచి మాస్టారు తల ఎత్తకుండా, "మూడు చొక్కాలు," అన్నాడు. "ఐదు కాదు."